కరెంటు బండిలో పదకొండో సీటు

ఆ బండి పొద్దున ఎనిమిదిన్నర దాకా స్కూలు వ్యాను. మధ్యాహ్నం మూడున్నర నుంచి మళ్లీ స్కూలు వ్యానే. మధ్యలో మాత్రం వీధి వీధంతా దాన్ని కరెంటు బండి అంటుంది. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను చేశాక ఆస్పత్రిలో రోజూ ఇచ్చే రేడియేషన్ను జనం కరెంటు పెట్టడం అంటారు. ఆ కరెంటు పెట్టించుకునే ఆడవాళ్లను తీసుకెళ్లి తీసుకొస్తుంది కనుక దానికా పేరు వచ్చింది. తెలియనివాళ్లు అది బ్యాటరీతో నడుస్తుందేమో అనుకుంటారు. సిగ్నలు దగ్గర ఎవరైనా అడిగితే, ముందు సీట్లో కూర్చునే పెద్దమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "బండికి డీజిలే నాయనా, కరెంటు మాకు" అని చెబుతుంది.

దాన్ని నడిపే డ్రైవరుకు యాభై తొమ్మిదేళ్లు. పిల్లలు అతన్ని హారన్ మామయ్య అంటారు. హారన్ కొట్టడు కాబట్టే ఆ పేరు. ఎవరింటి ముందైనా ఆగుతాడు, రెండు నిమిషాలు చూస్తాడు, వెళ్లిపోతాడు. షూ లేసులు కట్టుకుంటూ పరుగెత్తుకొచ్చిన పిల్లాడి వెనకే వాళ్లమ్మ వచ్చి, "ఒక్క హారన్ కొడితే మీ సొమ్మేం పోయింది?" అని దెబ్బలాడితే, "గడియారం మీ ఇంట్లో కూడా ఉంది కదమ్మా" అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ మూడు కాళ్లతోనే కుందేలు రోజూ టైముకు స్కూలుకు చేరేది కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయేవారు.

అతనికి లెక్కల పిచ్చి కూడా ఉంది. ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడతాడు, దిగేటప్పుడు లెక్కపెడతాడు, బండి ఖాళీ అయ్యాక చివరి సీటు దాకా నడిచి సీట్ల కింద కూడా చూస్తాడు. ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. ఈ పనిలో చేరిన కొత్తలో ఒకటో తరగతి పాప వెనక సీట్లో నిద్రపోతుంటే చూసుకోకుండా షెడ్డుకు తాళం వేసి ఇంటికెళ్లాడు. రెండు గంటల తర్వాత తెలిసింది. పాపకు ఏమీ కాలేదు. లేచి, టిఫిన్ డబ్బాలో మిగిలింది తిని, మళ్లీ పడుకుంది. అతను మాత్రం వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పటి నుంచి భార్య ఒక మాట అంటూనే ఉంటుంది: "మీ బండిలో ఎక్కేది మనుషులు కాదండీ, సీట్లు." అతను కాదనడు. "సీట్లు కాబట్టే ఎవరూ తప్పిపోవట్లేదు" అంటాడు.

పొద్దున పిల్లల్ని దింపాక అతనికి పెద్ద పని ఒకటుండేది, నిద్ర. స్కూలు గోడ నీడలో బండి పెట్టి, సీటు వెనక్కి వాల్చి, మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. ఆ నిద్ర మీద ఒకరోజు పెద్ద టీచరు పిడుగులా పడింది. ఆవిడ అదే స్కూల్లో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. ఆ తర్వాత అండాశయానికి క్యాన్సరొచ్చి, ఆపరేషనూ కీమో సెలైన్లూ అన్నీ అయి, నెత్తిన వేలెడు జుట్టు మొలవగానే ఊరుకోకుండా ఒక సంఘం పెట్టింది. సంఘమంటే బోర్డూ లేదు, బల్లా లేదు. ఏదో ఒక క్యాన్సరుతో ఉన్న ఇరవై మంది ఆడవాళ్లు, ఆవిడ ఫోను, ఒక నోటుపుస్తకం, అంతే. ఎవరికి ఆపరేషనుంటే వాళ్ల పిల్లల్ని ఎవరో ఒకరు స్కూలుకు పంపుతారు. ఎవరికి జుట్టు రాలితే వాళ్లకు ఇంకొకరి టోపీ వస్తుంది.

ఆవిడ బండి అద్దం మీద తాళంచెవితో కొట్టింది. "ఏమయ్యా, ఈ బండి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఏం చేస్తుంది?"

"నిద్రపోతుందండీ" అన్నాడు అతను తువ్వాలు తియ్యకుండానే.

"మా ఆడవాళ్లు కోసిన ఒంటితో రెండు బస్సులు మారి, నిలబడి ఆస్పత్రికి పోతున్నారు. రోజు విడిచి రోజు కాదు, రోజూ. పాతిక రోజులు. నీ బండి వాళ్లకంటే ఎక్కువ అలిసిపోయిందా?"

లెక్కల టీచరుతో వాదనకు దిగితే జవాబు ఒకటే వస్తుంది. స్కూలు వాళ్లు సరేనన్నారు, డీజిలు సంఘం పోయిస్తానంది. చివరికి ఒక్క ట్రిప్పుకు ఒప్పందం కుదిరింది. తొమ్మిదిన్నరకు బయల్దేరాలి, పన్నెండున్నరకు అందర్నీ ఇళ్ల దగ్గర దించాలి. ఆ తర్వాత మూడింటి దాకా అతని నిద్ర అతనిది, దాని జోలికి ఎవరూ రాకూడదు. కునుకు తియ్యకుండా సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకోనన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు.

అలా మొదలై రెండేళ్లయింది. అతను ఎవరినీ జబ్బెలా ఉందని అడగడు. అసలు మాట్లాడడమే తక్కువ. కానీ మొదటి వారంలోనే సీట్లు మార్చేశాడు. ఎడమవైపు ఆపరేషనైనవాళ్లు కుడి కిటికీ పక్కన, కుడివైపు ఆపరేషనైనవాళ్లు ఎడమ కిటికీ పక్కన. కోసిన వైపు బండి గోడకు తగలకూడదు. ఆస్పత్రి దాకా పదిహేడు స్పీడు బ్రేకర్లున్నాయి. ప్రతిదానికీ ముందు "చెయ్యి" అని ఒక్క మాట అంటాడు. వెనక పదకొండు మందీ చంక కింద పెట్టుకున్న చిన్న దిండును అదిమి పట్టుకుంటారు. బండి పాకుతూ దాటుతుంది. బండిలో ఏడుపులు తక్కువ, వేళాకోళాలెక్కువ. కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుకు ఛాతీ మీద ఆస్పత్రివాళ్లు గీసిన సిరా గీతలు చెరిగిపోకుండా స్నానం చెయ్యడం ఎలాగన్నది వాళ్లకు ఎప్పటికీ తెగని చర్చ. "మా ఆయన నలభై ఏళ్లలో గియ్యని గీత ఆ మిషను కుర్రాడు గీశాడు" అని పెద్దమ్మ అంటే, డ్రైవరు అద్దంలోకి చూడకుండా రోడ్డు వంకే చూసేవాడు.

పదకొండో సీటు కళ్లజోళ్లావిడది. వయసు నలభై ఆరు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని. అమ్మానాన్నలు పోయారు, పెళ్లి చేసుకోలేదు, ఒక్కగానొక్క అక్క ఎక్కడో దూరాన ఉంది. షాపు మీదే ఒక గదిలో ఉంటుంది. చేతిసంచిలో ఎప్పుడూ గోరంత స్క్రూడ్రైవరు, కాస్త మెత్తటి గుడ్డ ఉంటాయి. బండెక్కిన వారంలోనే అందరి కళ్లజోళ్లూ తీయించి బిగించింది. డ్రైవరు దారంతో కట్టుకుని తిరుగుతున్న కళ్లజోడు కూడా లాక్కుని, "అన్నయ్యా, దీంతో నువ్వు రోడ్డెలా చూస్తున్నావు? మా అందరి ప్రాణాలూ ఈ దారం మీదున్నాయా?" అని తిట్టి కొత్త స్క్రూ వేసింది. పెద్దమ్మ తప్ప అందరూ అన్నయ్యా అనే పిలుస్తారు గానీ, అలా తిట్టింది మాత్రం ఆమె ఒక్కతే.

ఒక సోమవారం మధ్యాహ్నం పెద్ద టీచరు ఫోను చేసింది. అతను అప్పుడే తువ్వాలు కప్పుకున్నాడు.

"రేపటి నుంచి ఒక కొత్తమ్మాయి ఎక్కుతుంది. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. తొమ్మిది కరెంట్లు అయ్యాయి, ఇంకా పదహారు ఉన్నాయి. మొన్న బస్సులో తోపులాటలో పడిపోయింది, భయపడి మూడు రోజులు మానేసింది. మధ్యలో అలా ఆపకూడదని డాక్టరు కోప్పడ్డారు. ఖాళీ సీటు ఆమెకివ్వు."

"ఖాళీ ఎక్కడుందండీ? పదకొండూ నిండే ఉన్నాయి."

"నా పుస్తకంలో పదే ఉన్నాయి."

"మీ లెక్క తప్పండీ."

ముప్ఫై ఏళ్లలో ఆవిడతో ఆ మాట అన్నవాడు లేడు. "నేను పుస్తకం చూసి చెబుతున్నాను" అంది. "నేను తలకాయలు చూసి చెబుతున్నాను" అన్నాడు అతను. పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ వెళితే తేలింది. కళ్లజోళ్లావిడకు పాతిక కరెంట్లూ అయిపోయి మూడు వారాలైంది. టీచరు ఆమె పేరు ఎప్పుడో కొట్టేసింది. ఆమె మాత్రం రోజూ తొమ్మిదిన్నరకు స్టాపులో నిలబడుతూనే ఉంది, ఎక్కుతూనే ఉంది.

మర్నాడు ఒకామె జ్వరంతో రాలేదు. ఆ సీట్లో బ్రెడ్డమ్మాయి కూర్చుంది. ముప్ఫై కూడా నిండని పిల్ల, కుడిచేతిని ఎడమచేత్తో మోసుకుంటున్నట్టు పట్టుకుని ఎక్కింది. ఆ పూటకు లెక్క సరిపోయింది. బుధవారానికి సరిపోదు. ఆస్పత్రిలో కళ్లజోళ్లావిడ లోపలికెళ్లాక, డ్రైవరు బండి దగ్గరే ఉన్నవాళ్లను అడిగాడు. "ఆమెకు కరెంటు అయిపోయిందట కదా. మరెందుకొస్తోంది?"

ఒకామె కిటికీ అద్దం మీద దుమ్ము తుడిచింది. ఇంకొకామె దిండు గలీబు సర్దుకుంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పెద్దమ్మే కట్టింది.

"మాకందరికీ తెలుసులే అబ్బాయ్. నీకు చెబితే దింపేస్తావని చెప్పలేదు. చివరి వారంలో దానికి తుంటి నొప్పి అంటే స్కాన్ తీశారు. రిపోర్టొచ్చి ఆ కౌంటర్లో పడుంది. రోజూ పోయి లైన్లో నిలబడుతుంది. ముందు ఇద్దరున్నారనగా పక్కకొచ్చేస్తుంది. ఫోను మోగినా ఎత్తదు."

"మీరెవరైనా తెచ్చిపెట్టొచ్చు కదా."

"మేం తెస్తే అందులో ఏముందో మాకు తెలుస్తుంది కదా నాయనా" అంది పెద్దమ్మ. "అలాంటి కాయితం చేత్తో పట్టుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు."

అతనికి కోపం వచ్చింది. మూడు వారాల పాటు పది మంది ఆడవాళ్లు కలిసి తన లెక్కను తప్పు చేశారు. అంతకంటే, దింపేస్తాడని అందరూ ఒకే మాటగా అనుకున్నందుకు లోపలెక్కడో గుచ్చుకుంది. అది నిజమే కావడం వల్ల ఇంకా గుచ్చుకుంది.

కళ్లజోళ్లావిడ ఉత్తచేతులతో తిరిగొచ్చింది. అతను ఆమెను బండి వెనక్కి పిలిచాడు.

"చూడు చెల్లెమ్మా. రిపోర్టు బాగుంటే నువ్వు దిగిపోవాలి, ఆ పిల్ల ఎక్కుతుంది. బాగాలేకపోతే సీటు నీదే. రెండిట్లో ఏదో ఒకటి ఇవాళ తేలాలి. ఆ పిల్లకి ఇంకా పదహారు రోజులున్నాయి."

"నాకు తెలుసన్నయ్యా. ఆ పిల్లను చూసినప్పటి నుంచీ నాకు సిగ్గుగానే ఉంది." ఆమె బండికి ఆనుకుంది. "పాతిక రోజులూ నాకెవరో ఏదో చేస్తున్నారని ధైర్యంగా ఉండేది. ఇరవై ఆరో రోజు నుంచి ఎవరూ ఏమీ చెయ్యట్లేదు. గదిలో ఒక్కదాన్నే కూచుంటే ఒంట్లో ఏదో పెరుగుతున్న చప్పుడు వినపడుతున్నట్టుంటుంది. నిజంగానన్నయ్యా, చెవికి వినపడుతుంది. ఈ బండెక్కితే వినపడదు."

"ఇంజను పాతది. మోతెక్కువ" అన్నాడు అతను.

తర్వాత చెయ్యి చాపాడు. "నీ ఆస్పత్రి కార్డిటివ్వు. నేను తెస్తాను."

ఇందులో అతనికి వింతేమీ కనిపించలేదు. పరీక్షలయ్యాక రాలేని తల్లిదండ్రుల తరఫున స్కూల్లో సంతకం పెట్టి, ప్రోగ్రెస్ కార్డులు కవర్లో తీసుకెళ్లి ఇంట్లో ఇవ్వడం అతనికి ఏటా అలవాటే. దారి పొడవునా పిల్లలు వెనక నుంచి "మామయ్యా, పాసా ఫెయిలా? ఒక్కసారి చూడు మామయ్యా" అని చెవిలో జోరీగల్లా పోరుతారు. అతను కవరు విప్పడు. "నేను చూడలేదు" అంటాడు, అది ఎప్పుడూ నిజమే. రిపోర్టు కూడా అలాంటి కవరే అనుకున్నాడు.

"విప్పకన్నయ్యా" అంటూ ఆమె కార్డిచ్చింది.

"ఇప్పటిదాకా ఎవరి కవరూ విప్పలేదు" అన్నాడు.

లైన్లో ముప్పావు గంట నిలబడ్డాడు. అతని వంతు రాగానే కౌంటరతను కార్డు చూసి, "ఈమెకు మీరేమవుతారు?" అన్నాడు.

"వ్యాను డ్రైవర్ని."

"డ్రైవర్లకివ్వమండీ. ఆమెనైనా రమ్మనండి, ఇంటివాళ్లనైనా పంపండి."

ఇంటివాళ్లంటే ఎవరు? షాపు మీద గదీ, అందులో ఒక మంచమూ. వెనక పద్నాలుగు మంది గొణుగుతున్నారు. రోజూ అన్నయ్యా అని పిలుస్తుందిగా, అందులో పెద్ద అబద్ధమేముంది అనుకున్నాడు.

"అన్నయ్యని" అన్నాడు.

"ఇందాక డ్రైవర్నన్నారు?"

"అన్నయ్య డ్రైవరు కాకూడదా?"

కౌంటరతను నవ్వి, కంప్యూటర్లో చూశాడు. చూడగానే నవ్వు ఆగిపోయింది. "రిపోర్టు లోపల డాక్టరుగారి దగ్గరుంది. ఇంటివాళ్లెవరొచ్చినా పంపమన్నారు. మూడో గది."

అప్పుడైనా నిజం చెప్పి వెనక్కి రావాల్సింది. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు ఆ కిటికీ ముందే కొట్టుకున్నాడు. కాళ్లు మూడో గదికే నడిచాయి.

డాక్టరమ్మకు అతని కూతురి వయసుంటుంది. కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు, ఆవిడ రెండోసారి చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

"మూడుసార్లు ఫోను చేయించాను, ఎత్తలేదు. మీరొచ్చారు, మంచిదైంది. జబ్బు తుంటి ఎముకలోకి పాకిందండీ. ఇది పూర్తిగా పోయేది కాదు. కానీ మందులతో చాలా రోజులు అదుపులో పెట్టొచ్చు, నొప్పి తగ్గించొచ్చు. ముందు ఆ ఎముకకు పది రోజులు రేడియేషనివ్వాలి, వెంటనే. ఆలస్యమైతే ఎముక విరగొచ్చు."

ఆవిడ ఇంకా ఏవో చెప్పింది. అతనికి పది అన్న అంకె ఒక్కటే చెవిలో నిలిచింది.

"ఇంట్లో ఆమెను చూసుకోవడానికి ఎవరెవరున్నారు?"

అతను నోట్లోనే లెక్కపెట్టుకున్నాడు. పెద్ద టీచరు, పెద్దమ్మ, మిగిలిన సీట్లు. "బండెడు మందిమి ఉన్నామండీ" అన్నాడు. డాక్టరమ్మ నీళ్లగ్లాసు జరిపింది.

"ఆమెకు నేను చెప్పాలా అండీ?"

"అక్కర్లేదు. మీరు తీసుకురండి, నేను చెబుతాను. ఒంటరిగా మాత్రం పంపకండి."

మూడో గది నుంచి బండి దాకా మూడొందల అడుగులు కూడా ఉండవు. అంత దూరం అతనెప్పుడూ నడవలేదు. కవరు డాక్టరు దగ్గరే ఉండిపోయింది, చేతిలో కార్డు మాత్రమే ఉంది. నేను చూడలేదు అనడానికి ఇవాళ వీల్లేదు. మనుషుల్ని సీట్లని అనుకుంటే ఇన్నేళ్లూ హాయిగా గడిచింది, ఇప్పుడు సీటుకు మొహం వచ్చి కూర్చుందని అతనికి తన మీద తనకే చిరాకేసింది. ఎవరో అడ్డమొస్తే తిట్టాడు కూడా.

అందరూ కరెంటు పెట్టించుకుని వచ్చేసి, ఎవరి సీట్లలో వాళ్లు కూర్చుని ఉన్నారు. బ్రెడ్డమ్మాయికి కళ్లజోడు జారిపోతుంటే, కళ్లజోళ్లావిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని స్క్రూ తిప్పుతోంది. అతను మెట్టు మీద కాలు పెట్టగానే మాటలన్నీ ఆగిపోయాయి.

"ఇచ్చారా అన్నయ్యా?" అంది ఆమె తలెత్తకుండానే. "చూశావా?"

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. బ్రెడ్డమ్మాయి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, రేపటి నుంచి నీకు రెండో ట్రిప్పు. వీళ్లను దించేసి పన్నెండూ ముప్పావుకు మీ స్టాపుకొస్తాను. మూడింటికల్లా ఇంటి దగ్గర దింపుతాను. హారన్ కొట్టను, బయటే ఉండు."

"నా ఒక్కదాని కోసమా అంకుల్?" అంది ఆ అమ్మాయి. తర్వాత, కళ్లజోళ్లావిడ సీటు ఖాళీ కావట్లేదని అర్థమై, చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది.

కళ్లజోళ్లావిడ స్క్రూ చివరంటా బిగించింది. అద్దాలు గుడ్డతో తుడిచి, వెలుతురుకెత్తి ఒకసారి చూసి, ఆ అమ్మాయి మొహానికి తనే పెట్టింది. చెవుల దగ్గర సరిచేసింది.

"ఎన్ని రోజులన్నయ్యా?" అంది.

"పది కరెంట్లు" అన్నాడు అతను. "పద చెల్లెమ్మా, డాక్టరమ్మ పిలుస్తోంది. నేనూ లోపలికొస్తాను. అన్నయ్యనని చెప్పొచ్చాను."